నగిషీ లెదర్ గిటార్ స్ట్రాప్: ఏ తోలు, ఏ పనితనం, ఏ ఫినిష్?

సొంత డిజైన్‌తో లెదర్ స్ట్రాప్ కావాలనుకునేవాళ్ళు ఎక్కువమంది బొమ్మతో మొదలుపెడతారు. చార్మినార్ వేయించాలా, నెమలి వేయించాలా, పేరు తెలుగులో చెక్కించాలా అని. తోలు ఊసు చివర్లో వస్తుంది. నిజానికి అటునుంచి నరుక్కు రావాలి. గిటారు బరువుని బట్టి స్ట్రాప్ వెడల్పు, దొరికిన తోలు మందాన్ని బట్టి నగిషీ లోతు, వాయించేవాళ్ళ చెమటని బట్టి ఫినిష్. ఈ మూడూ తేలాక మిగిలిన జాగాలో బొమ్మ. సొంతంగా చేసుకునేవాళ్ళకీ, హైదరాబాద్‌లో ఎవరికైనా చెప్పి చేయించుకునేవాళ్ళకీ లెక్క ఇదే.

వెజ్ టానా, క్రోమా

నగిషీ నిలవాలంటే వెజ్ టాన్ తోలే కావాలి. చెట్ల బెరడు, కాయల సారంతో పదును చేసిన తోలు నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది. ఆ తడి మీద కొట్టిన అచ్చు ఆరాక గట్టిపడి అలాగే ఉండిపోతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు ఎంత తడిపినా అచ్చు పట్టదు, ఆరేసరికి గుర్తులు సగం మాయమవుతాయి. జాకెట్లు, సోఫాలు, హ్యాండ్‌బ్యాగుల్లో వాడేది ఎక్కువగా క్రోమే కాబట్టి, బజార్లో 'ఒరిజినల్ లెదర్' అని చూపించేదాంట్లో చాలా భాగం మన పనికి రాదు. దుకాణదారు అబద్ధం చెప్పడం లేదు. తోలు అసలుదే, రకం వేరు.

తేల్చుకోవడం తేలిక. రంగు వేయని చోట ఒక చుక్క నీళ్ళు వేస్తే వెజ్ టాన్ వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది. తడిసిన చోట గోటితో నొక్కితే గుర్తు నిలుస్తుంది. కోసిన అంచు లోపలిదాకా ఒకే గోధుమ రంగులో ఉంటుంది, క్రోమ్ అంచులో మాత్రం తరచు నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తుంది. పైన ప్లాస్టిక్ పూత ఉంటే నీళ్ళ పరీక్ష మోసం చేస్తుంది, అప్పుడు అంచునే నమ్మాలి.

మన దేశంలో దొరికే వెజ్ టాన్‌లో చెప్పుకోదగ్గది తమిళనాడు వైపు నుంచి వచ్చే ఈస్ట్ ఇండియా తోలు. వ్యాపారులు 'ఇ.ఐ.' అంటారు. పాతరోజుల్లో దీన్ని తంగేడు బెరడుతో పదును చేసి కరక్కాయతో ముగించేవారు. అవును, మన బతుకమ్మలో పేర్చే తంగేడే. ఇప్పుడు ఆ బెరడుకి బదులు తుమ్మ జాతికి చెందిన వాటిల్ సారం ఎక్కువ వాడుతున్నారు. ఈ తోలు నునుపుగా, అచ్చు బాగా పట్టేలా ఉంటుంది. చిక్కల్లా మందంతోనే. చిన్న పశువుల తోళ్ళు కావడంతో చాలావరకు 1.2 నుంచి 2.5 మి.మీ. దగ్గర ఆగిపోతాయి, పొడవు కూడా తక్కువ. గేదె తోలైతే మందం కావలసినంత ఉంటుంది కానీ పైపొర గరుకు, సన్నని పూలపని దానిమీద చెదిరినట్టు కనిపిస్తుంది. జామెట్రీ నమూనాలకి, పెద్ద అక్షరాలకి గేదె తోలు బాగానే సరిపోతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. దిగుమతి తోలు 3.2 నుంచి 3.6 మి.మీ. మందంలో దొరుకుతుంది. విదేశీ వీడియోల్లో '8-9 ఔన్సుల లెదర్' అనేది ఇదే. ఒక ఔన్స్ అంటే 0.4 మి.మీ. అని గుర్తుంటే చాలు.

నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసి ఆ తోలు మీద చేయిద్దామని కొందరికి అనిపిస్తుంది. అది టాన్ చేయని పచ్చితోలు. వెలుగు దాటాలని పలచగా గీకి, ఉలితో రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తారు. చెమట తగిలితే మెత్తబడి సాగిపోతుంది, బరువు మోయదు. ఆ గీతల పద్ధతిని డిజైన్‌కి తీసుకోండి, తోలుని కాదు.

తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. రెండున్నర అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు పట్టీకి ఒక చదరపు అడుగు కూడా పట్టదు. అయినా అడుగు ముక్క కొంటే పని జరగదు కదా, పొడవు కావాలి. వెన్నెముకకి సమాంతరంగా, వీపు భాగంలోంచే కోయాలి. పొట్ట భాగం చవగ్గా ఇస్తామంటే వద్దనండి. అది సాగుతుంది. నెల తిరిగేసరికి గిటారు రెండంగుళాలు కిందికి దిగుతుంది, పైగా ఒకవైపు ఎక్కువ సాగి పట్టీ వంకర పోతుంది.

ఒకే పొరా, రెండు పొరలా

ఒకే పొర అంటే 3.2 నుంచి 3.6 మి.మీ. తోలు, వెనక వైపు గీకి నునుపు చేసింది. కుట్టు లేదు, జిగురు లేదు, చెడిపోయేవి తక్కువ. లోతుగా చెక్కొచ్చు. కొత్తలో మాత్రం బిరుసుగా ఉండి భుజం మీద సరిగా కూర్చోదు, రెండు మూడు వారాలు వాడాకే వంగుతుంది. వెనక పచ్చిగా వదిలేస్తే చెమటంతా అదే తాగుతుంది.

రెండు పొరలు అంటే పైన 2 నుంచి 2.4 మి.మీ. నగిషీ తోలు, కింద ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మందంలో మెత్తటి అస్తరు, చుట్టూ కుట్టు. మొదటి రోజునుంచే భుజానికి అతుక్కుంటుంది. మన దగ్గర దొరికే ఇ.ఐ. తోలుకి ఇదే సరైన దారి, ఆ మందం పైపొరకి అతికినట్టు సరిపోతుంది. ఖర్చు, శ్రమ మాత్రం దాదాపు రెట్టింపు. మీటరు పొడవు పట్టీకి రెండువైపులా కలిపి రెండు మీటర్ల కుట్టు ఉంటుంది, చేత్తో కుడితే సగం రోజు పైనే పడుతుంది.

మా మొగ్గు రెండు పొరల వైపే. హైదరాబాద్ ఎండల్లో గంటల తరబడి వాయించేవాళ్ళకి అస్తరు మార్చుకునే వీలుండటం పెద్ద సుఖం. పైపొర పదేళ్ళు నిలిచినా చెమట తాగిన అస్తరు అంతకాలం నిలవదు. కుట్టు విప్పి కొత్తది వేస్తే సరిపోతుంది. ఒకే పొర పట్టీకి ఆ వెసులుబాటు లేదు. అకూస్టిక్ గిటారుతో ఇంట్లో వాయించుకునేవాళ్ళకి ఇంత అవసరం లేదు, ఒకే పొర చాలు.

అస్తరు ఎలాంటిదనేది వాద్యాన్ని బట్టి ఉంటుంది. గిబ్సన్ ఎస్‌జీ లాంటి గిటార్లు, కొన్ని బేస్‌లు చెయ్యి తీయగానే మెడ వైపు కిందికి వాలిపోతాయి. వాటికి స్వెడ్ (నూగు వైపు బయటికి ఉండే మెత్తటి తోలు) అస్తరు కావాలి, చొక్కాని పట్టుకుని జారకుండా ఆపుతుంది. లెస్ పాల్ లాంటి నిలకడైన బరువు గిటార్లకి, పాట మధ్యలో గిటారుని వీపు వైపుకి తిప్పుకునే అలవాటున్నవాళ్ళకి నున్నటి తోలు అస్తరే మేలు. నల్ల స్వెడ్ మీద ఒక హెచ్చరిక: తెల్ల చొక్కా వేసుకుని ఆదివారం చర్చిలో రెండు గంటలు వాయించాక భుజం మీద నల్లచార కనిపిస్తుంది. తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది, రంగు అంటకపోతేనే కొనండి.

వెడల్పు, పొడవు, సర్దుబాటు

రెండు కిలోల అకూస్టిక్‌కి 50 మి.మీ. చాలు. స్ట్రాటోకాస్టర్ లాంటి మూడున్నర కిలోల వాటికి 63 మి.మీ. లెస్ పాల్, బేస్ గిటార్లు నాలుగు కిలోలు దాటుతాయి, వాటికి 75 మి.మీ. వరకు వెళ్ళండి. అంతకన్నా వెడల్పైతే లోపలి అంచు మెడకి ఒరుసుకుంటుంది. పట్టీ బరువునీ మరచిపోవద్దు. 63 మి.మీ. వెడల్పు, మూడున్నర మి.మీ. మందం ఉన్న తోలు పావుకిలో దగ్గర తూగుతుంది.

పొడవుకి సగటు లెక్కలు నమ్మకండి. ఇప్పుడు వాడుతున్న స్ట్రాప్‌ని గిటారుకి పెట్టి, వాయించే ఎత్తులో నిలబడి, రంధ్రం నుంచి రంధ్రానికి ఎంత ఉందో టేపుతో కొలవండి. కూర్చుని వాయించే ఎత్తు, నిలబడి వాయించే ఎత్తు రెండూ కొలిచి, ఆ రెండూ సర్దుబాటు పరిధి లోపల పడేట్టు చూసుకుంటే చాలు.

సర్దుబాటుకి మూడు పద్ధతులు. సన్నటి తోక పట్టీని వరుస చీలికల్లోంచి దూర్చి ఆపేది ఒకటి. ఇందులో లోహం లేదు, గిటారు వీపు మీద గీత పడే భయం లేదు. అయితే ఎత్తు ఐదు సెంటీమీటర్ల మెట్లలో మాత్రమే మారుతుంది, తోక తోలు 2 మి.మీ. దాటితే దూర్చడం నరకం. బెల్టు బకిల్ చూడ్డానికి అందం, మెట్టు రెండున్నర సెంటీమీటర్లకి తగ్గుతుంది. కానీ బకిల్ ఛాతీ మీద కాకుండా వీపు వెనక పడేట్టు పెడితే కుర్చీలో కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది. మూడోది జారుడు బకిల్, మిల్లీమీటరు దాకా సర్దుకోవచ్చు కానీ మందపు తోలు దాంట్లో సరిగా నడవదు, మడత పడ్డచోట ఫినిష్ పగులుతుంది. నగిషీ స్ట్రాప్‌కి చీలికల పద్ధతే మా ఓటు. దానికి మరో లాభం: నగిషీ ఉన్న పెద్ద ముక్క 36 అంగుళాలకే ఆగిపోతుంది, తోక వేరే ముక్క. మన పొట్టి తోళ్ళలోనూ ఇది సర్దుకుంటుంది.

బకిళ్ళు, రివెట్లు రాణిగంజ్, బేగంబజార్ వైపు దుకాణాల్లో వెతకొచ్చు. అయస్కాంతం వెంట తీసుకెళ్ళండి. అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము. చెమటకి తుప్పు పట్టడమే కాదు, వెజ్ టాన్ తోలు మీద నల్ల మరక చేస్తుంది. ఆ మరక సంగతి కిందొస్తుంది.

బొమ్మ ఎటు చూడాలి

కుడిచేతి వాటంవాళ్ళకి స్ట్రాప్ గిటారు అడుగు గుండీ నుంచి వీపు మీదుగా ఏటవాలుగా పైకి వెళ్ళి, ఎడమ భుజం దాటి, ముందుకి దిగి, గిటారు ఒంటి పైన పొడుచుకొచ్చిన కొమ్ము దగ్గర తగులుకుంటుంది. అంటే ప్రేక్షకులకి కనిపించేది భుజం నుంచి కొమ్ము దాకా ఉన్న మూరెడు పట్టీయే. మిగతాది డ్రమ్మర్ చూస్తాడు. ఖర్చు తగ్గించుకోవాలంటే లోతైన నగిషీ ఆ ముందు భాగానికే పెట్టి, వెనక స్టాంపులు కొట్టే అచ్చుపనితో సరిపెట్టండి.

చాలామంది పప్పులో కాలేసే చోటు ఇంకొకటుంది. ముందువైపూ, వెనకవైపూ 'పైకి' అంటే భుజం వైపే. కాబట్టి పట్టీ పొడవునా నెమళ్ళన్నీ ఒకే దిక్కుకి నిలబెడితే ముందువి నిటారుగా, వెనకవి తలకిందులుగా ఉంటాయి. తలా కాళ్ళూ ఉన్న బొమ్మ ఏదైనా భుజం దగ్గర తిరగబడాలి. తీగలకి, పూలకి, జాలీ నమూనాలకి ఈ బాధ లేదు. అందుకే ప్రపంచమంతా స్ట్రాప్‌ల మీద లతలే ఎక్కువ.

చార్మినార్ అందరికీ కావాలి. 63 మి.మీ. పట్టీలో అంచు గీతలు, కుట్టు వదిలితే మిగిలేది 45 మి.మీ. అందులో నాలుగు మినార్లూ, తోరణాలూ ఇరికిస్తే ఒక్కో మినారుకి నాలుగైదు మి.మీ. వస్తుంది, చెక్కాక నాలుగు కట్టెల్లా మిగులుతుంది. ఒకే మినారుని పట్టీ పొడవునా నిలువుగా సాగదీస్తే బాల్కనీలు, చిన్న తోరణాలు, పైన గుమ్మటం అన్నీ విప్పారి కనిపిస్తాయి. పైగా ముందు భాగానికి అది సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్ పాయిగా నవాబుల సమాధుల జాలీల్లోని నక్షత్రాల అల్లిక, పోచంపల్లి ఇకత్ చీరల మెట్ల వజ్రాలు పొడవాటి పట్టీకి పుట్టినట్టే ఉంటాయి. కాకతీయ తోరణం మాత్రం అడ్డంగా విశాలమైన రూపం, సన్నటి పట్టీలో దాని గాంభీర్యం పోతుంది.

పేరు తెలుగులో చెక్కించేవాళ్ళకి: మన అక్షరాల గుండ్రటి ఒంపులు స్వివెల్ కత్తికి (వేళ్ళ మధ్య తిప్పుతూ గీత కోసే తోలు కత్తికి) అనుకూలం, వత్తులు మాత్రం జాగా తింటాయి. 'కృష్ణ' అని రాయాలంటే కింద వట్రసుడి, ణ వత్తు రెండూ ఉన్నాయి. అక్షరానికి 22 మి.మీ., కింద వత్తుకి 12 మి.మీ., పైన తలకట్టుకి కొంత. అంటే 50 మి.మీ. పట్టీ చాలదు. గీతకీ గీతకీ మధ్య కనీసం 3 మి.మీ. ఉండాలి, లేకపోతే వాలు కొట్టే స్టాంపు (బెవెలర్) దూరదు. సున్నా అడ్డుకొలత 7 మి.మీ. తగ్గితే కత్తి తిరగదు, గుండ్రం కాస్తా పలకలుగా వస్తుంది. సన్నం లావు కలిసిన పెళ్ళిపత్రిక ఫాంట్లు వద్దు, ఒకే మందం గీత ఉన్న ఫాంటు ఎంచుకోండి.

చెక్కడం, అచ్చు, లేజర్

చెక్కుడు అంటే స్వివెల్ కత్తితో గీత కోసి, గీత పక్కన బెవెలర్‌తో అణచి, షేడర్‌తో రేకులకి గుంటలు పెట్టి, చివర నేపథ్యాన్ని చుక్కల స్టాంపుతో దించేది. ఉబ్బెత్తుగా, నీడలతో కనిపిస్తుంది. నాణ్యత మొత్తం చేతి మీదే. అచ్చుపని అంటే బుట్టఅల్లిక లాంటి స్టాంపుని వరుసగా కొట్టుకుంటూ పోవడం. కొత్తవాళ్ళకి కూడా బాగా వస్తుంది, కానీ మొదటి వరుస ఒక డిగ్రీ వంకరైతే అడుగు దూరం పోయేసరికి అంచు మీదకి ఎక్కేస్తుంది. అంచుకి సమాంతరంగా కాదు, ఏటవాలు గీత గీసుకుని దానివెంట మొదలుపెడితే చిన్న తేడాలు కంటికి ఆనవు.

లేజర్ దుకాణాలు నగరంలో గల్లీకొకటి ఉన్నాయి. ఫోటో ఇస్తే గంటలో చేతికిస్తారు. అది కాల్చిన గీత, నగిషీ కాదు. లోతు ఉండదు, మసి కొన్నాళ్ళు చొక్కాకి అంటుతుంది. చిన్న లోగోకి, వెనక వైపు ఫోన్ నంబరుకి పనికొస్తుంది. క్రోమ్ తోలుని మాత్రం లేజర్ కింద పెట్టించకండి, ఆ పొగ ఒంటికి మంచిది కాదు. బ్యాండ్ మొత్తానికి ఒకే డిజైన్‌తో ఐదారు పట్టీలు కావాలంటే ఇత్తడి డై (అచ్చు దిమ్మ) చేయించి ప్రెస్‌లో నొక్కించడం చవక. డైకి బొమ్మ అద్దంలో కనిపించేట్టు తిరగేసి ఇవ్వాలి. చేతిపనికైతే సూటిగానే, ట్రేసింగ్ ఫిల్మ్ మీద గీసి తడి తోలు మీద పరిచి మొద్దు మొన కలంతో నొక్కితే గీత దిగుతుంది.

మొదటి స్ట్రాప్ చేసుకునేవాళ్ళు మధ్యలో ఒక పేరు లేదా ఒక పువ్వు చెక్కి, మిగతా అంతా అచ్చుపనితో నింపండి. పొడవంతా లతలు చెక్కాలని కూర్చుంటే చివరి అడుగు మొదటి అడుగులా ఉండదు. చెయ్యి అప్పటికి మెరుగుపడి ఉంటుంది, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తడి లెక్క

చెడిపోయిన పనుల్లో ఎక్కువ భాగం కత్తి వల్ల కాదు, తడి వల్ల. తోలుని స్పాంజితో రెండువైపులా తడిపి, ప్లాస్టిక్ సంచిలో మూసి రాత్రంతా ఉంచాలి. పొద్దున తీశాక పైపొర దాదాపు పాత రంగుకి తిరిగి రావాలి, చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి. అప్పుడు కొట్టిన బెవెలర్ కింద తోలు దానంతట అదే గోధుమ రంగుకి తిరుగుతుంది. తడి ఎక్కువైతే అచ్చు మెత్తగా, అంచుల్లేకుండా పడుతుంది, రంగు తిరగదు. తడి తక్కువైతే కత్తి ఈడుస్తుంది, అచ్చు దిగదు.

ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద కూర్చుంటే అరగంటలో పట్టీ అంతా ఎండిపోతుంది. ఒకసారికి ఒక జానెడు మాత్రమే బయట పెట్టి, మిగతాది ప్లాస్టిక్ కవరు కింద ఉంచండి. పదేపదే పైనుంచి తడిపితే మరకలు మిగులుతాయి. వానాకాలంలో దీనికి వ్యతిరేకం. తడి తోలు సంచిలో రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. పని ఆగితే ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ తడుపుకోండి.

బోరు నీళ్ళు వాడొద్దు. నీళ్ళలోని ఇనుము వెజ్ టాన్‌లోని టానిన్‌తో కలిస్తే నల్లటి, నీలపు చుక్కలు పడతాయి. తుప్పు రివెట్ చేసేదీ ఇదే. తాగే ఆర్‌ఓ నీళ్ళు ఒక గ్లాసుడు చాలు కాబట్టి పిసినారితనం అనవసరం. చుక్క పడితే నిమ్మరసంలో ముంచిన దూదితో అద్ది, వెంటనే మంచినీళ్ళతో తుడవండి. లేతవైతే పోతాయి. ఇనుప రజను ఉన్న బల్ల మీద తడి తోలు పరిచినా ఇదే గతి.

పొడవాటి సన్నటి పట్టీని కొట్టేకొద్దీ సాగుతుంది. ముందు వెనకవైపు వెడల్పాటి ప్యాకింగ్ టేపు రెండు పొరలు అంటించండి. అసలు వెడల్పుకి ఇరువైపులా ఐదారు మి.మీ. ఎక్కువ ఉంచి, నగిషీ అయ్యి, ఆరాకే స్టీలు బద్ద పెట్టి కోయండి. ముందే కోసుకున్న పట్టీ చెక్కాక పాములా మెలికలు తిరిగి కనిపిస్తుంది, దాన్ని సరిచేసే మార్గం లేదు.

కింద పెట్టుకునే రాయికి వంటగట్ల గ్రానైట్ తుక్కు ముక్కలు బాగుంటాయి. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, కింద రబ్బరు చాప వేయండి, పక్క ఫ్లాట్‌వాళ్ళు గొడవకి రారు. తాండూరు బండ వద్దు, పొరలుగా లేస్తుంది. సుత్తి ఇనుపది కాదు, 450 గ్రాముల నైలాన్ మాలెట్. కత్తి తోలు మందంలో మూడో వంతే దిగాలి. 2 మి.మీ. తోలులో సగం దాటి కోస్తే భుజం మీద వంగినచోట ఆ గీత నోరు తెరుస్తుంది.

రంగు, ఫినిష్

రంగు వేయకుండా నూనె మాత్రమే పట్టించి వదిలేయడం ఒక దారి. ఎండకీ చేతులకీ అదే తేనె రంగుకి తిరుగుతుంది, చొక్కాకి అంటేది ఏమీ ఉండదు. బద్ధకస్తులకే కాదు, రసికులకీ ఇదే నచ్చుతుంది. కానీ మరకలన్నీ కనిపిస్తాయి.

స్పిరిట్ డై, అంటే స్పిరిట్ కలిపిన రంగు, లోతుగా ఇంకుతుంది, రంగు గాఢంగా వస్తుంది. నలుపు, ముదురు నీలాల్లో పైన పొడి మిగిలి అంటుకుంటుంది. ఆరాక గుడ్డతో రంగు రాని దాకా రుద్దాలి, ఈ మెట్టు ఎగ్గొడితే ఫినిష్ వేసినా ఆగదు. నీళ్ళ డై వాసన లేదు, ఇంట్లో వాడుకోవచ్చు, కానీ ఆరినప్పుడు తోలు బిరుసెక్కుతుంది, చారలు పడే అవకాశం ఎక్కువ. నెమలి కన్నుల్లాంటి చిన్న రంగు మచ్చలకి లెదర్ ఆక్రిలిక్ పెయింట్ సన్నటి కుంచెతో మూడు పలచటి పూతలు వేయండి. ఒకే దళసరి పూత వేస్తే వంగినప్పుడు పెళుసుగా ఊడుతుంది.

చెక్కిన గీతలు ఎత్తి చూపేది యాంటిక్ పేస్టు. వరుస తప్పకూడదు: డై, ఒక రోజు ఆరుదల, పలచగా నీట్స్‌ఫుట్ ఆయిల్ ఒక చెయ్యి, మళ్ళీ ఒక రాత్రి, తరవాత రెసిస్ట్ పూత రెండు సార్లు, అది ఆరాక యాంటిక్, వెంటనే తుడుపు, చివర పైపూత. రెసిస్ట్ తప్పిన చోట యాంటిక్ ఇంకిపోయి నల్లమచ్చ అవుతుంది. నూనె ఎక్కువైతే నగిషీ మెత్తబడి అంచులు కూలిపోతాయి. నీట్స్‌ఫుట్ పశువుల కాలి ఎముకల నూనె, అది వద్దనుకునేవాళ్ళు ఆలివ్ ఆయిల్ వాడొచ్చు. ఎంత తక్కువైతే అంత మంచిది.

పైపూతలో ఆక్రిలిక్‌కీ మైనానికీ మధ్య ఎంచుకోవాలి. ఆక్రిలిక్ చెమటని ఆపుతుంది, రంగుని పట్టి ఉంచుతుంది. రెజోలీన్ లాంటివి సమానంగా నీళ్ళు కలిపి రెండు పలచటి పూతలు వేయాలి. నేరుగా సీసాలోంచి వేస్తే ప్లాస్టిక్ మెరుపు వస్తుంది, భుజం దగ్గర ఆరు నెలల్లో గీతలు విడుస్తుంది. మైనం చూడ్డానికీ, ముట్టుకోవడానికీ ఎంతో హాయి, కానీ మే నెలలో కారులో వదిలేస్తే కరిగి అంటుకుంటుంది, మూణ్ణెల్లకోసారి మళ్ళీ రాయాలి. రంగు వేసిన పట్టీకి ఆక్రిలిక్, రంగు వేయనిదానికి మైనం. ఈ విషయంలో మధ్యేమార్గం వెతకనక్కర్లేదు.

అంచు, కుట్టు, రంధ్రం

రెండు పొరలు అంటించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు రెండువైపులా పలచగా రాసి, వేలికి అంటనంత ఆరాక కలపాలి. బల్ల మీద చదునుగా పెట్టి అంటిస్తే భుజం మీద వేసుకున్నప్పుడు అస్తరు ముడతలు పడుతుంది. నగిషీ బయటికి ఉండేట్టు పట్టీని కాస్త వంచి పట్టుకుని, మధ్యనుంచి చివరలకి అంటించుకుంటూ పోండి. అంచుకి 4 మి.మీ. లోపల, 4 మి.మీ. ఎడంతో, 0.8 మి.మీ. మైనపు పాలిస్టర్ దారంతో రెండు సూదుల కుట్టు. కుట్టు పొడవుకి నాలుగు రెట్లు దారం తీసుకోండి. మిషన్ కుట్టు వేయించేట్లయితే నగిషీ మీద మిషన్ పాదం గుర్తు పడకుండా తోలు ముక్క అడ్డం పెట్టమని చెప్పాలి, చాలామంది దర్జీలు చెప్పందే పెట్టరు.

గిటారు ప్రాణం మాత్రం రంధ్రం దగ్గర ఉంది. స్ట్రాప్ చివరినుంచి 22 నుంచి 25 మి.మీ. లోపలికి 8 మి.మీ. గుండ్రటి రంధ్రం, దానినుంచి పట్టీ లోపలి వైపుకి 12 మి.మీ. చీలిక, చీలిక చివర చిరగకుండా 2 మి.మీ. చిన్న రంధ్రం. బరువు పడేది రంధ్రం బయటి అంచు మీద కాబట్టి చీలిక అటువైపు ఉండకూడదు. గుండీ తల కష్టంగా దూరాలి. మొదటిసారే సులువుగా పట్టిందంటే నెలలో జారుతుంది. చివర అస్తరుతో కలిపి నాలుగు మి.మీ. దాటితే స్ట్రాప్ లాక్ (పట్టీ గుండీ నుంచి జారకుండా బిగించేది) పట్టదు, అక్కడ వెనకనుంచి చెక్కి మూడుకి తేవాలి. నగిషీ ఈ చివరి 5 సెంటీమీటర్లలోకి రానివ్వకండి. కోతలు పడ్డ తోలు అక్కడే ముందు చిరుగుతుంది.

చేయించుకునేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చే ముందు అదే తోలు మీద, అదే రంగుతో, అరచేతి వెడల్పు నమూనా అడగండి. దాన్ని ఒక రాత్రి జేబులో పెట్టుకుని, వంచి, తడి గుడ్డతో రుద్ది చూడండి. సరుకు చేతికొచ్చిన రోజు గిటారుకి తగిలించి, కింద పరుపు పెట్టుకుని, కొమ్ము చివర పట్టీని గట్టిగా నాలుగువైపులా లాగి చూడాలి. వాయించడం అయ్యాక స్ట్రాప్ తీసి వేరుగా వేలాడదీయండి. నైట్రో లాకర్ పూత ఉన్న గిటారు మీద రంగు తోలుని రోజుల తరబడి ఆనించి ఉంచితే పూత మీద మచ్చ పడొచ్చు. వానాకాలంలో కేసు లోపల చుట్టి పెట్టిన స్ట్రాప్‌కి బూజు ఎలాగూ తప్పదు. పట్టినా కంగారు లేదు. ఆరుబయట నీడలో పొడి గుడ్డతో దులిపి, గాలికి ఒక రోజు ఉంచి, అస్తరు వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడితో తేలిగ్గా తుడవండి. రంగు వేసిన ముఖం వైపు మాత్రం అది తగలనివ్వకండి, స్పిరిట్ డై దాంతో పాటే లేచి వస్తుంది.